గోడ దాటివచ్చే దరువు

విద్యార్థులారా! వినాయక నిమజ్జనం నాడు ఎప్పుడైనా సరూర్‌నగర్ చెరువు గట్టుకు వెళ్ళారా? దిల్‌సుఖ్‌నగర్ వైపునుంచి, ఎల్.బి.నగర్ వైపునుంచి విగ్రహాలు లారీలమీద బారులు తీరి వస్తుంటాయి. విగ్రహం కంటపడక ముందే దాని ముందు నడిచే స్పీకర్ల మోత గుండెలకు తగులుతుంది. అప్పుడొక సంగతి గమనించారా? ఊరేగింపు ఇంకా రెండు వీధుల అవతల ఉండగా పాట వినిపించదు, పాడేవారి గొంతూ వినిపించదు. దుబ్, దుబ్ మనే దరువు మాత్రం తలుపులు మూసిన ఇంట్లోకి కూడా వచ్చేస్తుంది. కిటికీ అద్దాలు గిలగిలలాడతాయి. ఎందుకని?

జవాబు తెలియాలంటే ఆ దరువును తయారుచేసేవాడి పని కొంత తెలియాలి.

అతని పేరు సినిమా పోస్టరుమీద కనబడదు. అందుకే పాట మధ్యలో "డీజే ఫలానా మిక్స్" అని తన పేరు తానే ఒక గొంతుతో పలికించుకుంటాడు. ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక జత హెడ్‌ఫోన్లు, ఇదే అతని కర్మాగారం. ఇలాంటివారిలో చాలామంది పెళ్ళిళ్ళకు సౌండు బాక్సులు అద్దెకిచ్చే దుకాణంలో వైర్లు చుట్టడంతో మొదలుపెడతారు. ఏ పాటకు జనం కాళ్ళు కదుపుతారో, ఏ పాటకు మంచినీళ్ళు తాగడానికి పక్కకు పోతారో అక్కడే కనిపెడతారు. ఆ పాఠం మరే బడిలోనూ దొరకదు.

అతను మొదట చేసే పని లెక్కపెట్టడం. ఒక జానపద గీతంలో నిమిషానికి 100 దెబ్బలున్నాయనుకోండి. ఎగరడానికి అది చాలదు, 120 కావాలి. అంటే సెకనుకు సరిగ్గా రెండు. మరి పాటను వేగంగా తిప్పితే సరిపోదా? సరిపోదు. పాత గ్రామఫోను రికార్డును అలా తిప్పితే దెబ్బలతోపాటు స్వరం కూడా మారిపోయేది. సెకనుకు 200 కంపనాలున్న స్వరం 240 అవుతుంది, గాయకుడి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా కీచుమంటుంది. కంప్యూటరు దీనికొక ఉపాయం చేస్తుంది. ధ్వనిని సెకనులో వందలవ వంతుల లెక్కన సన్నని ముక్కలుగా కోసి, ఒకదాని అంచుమీద మరొకదాన్ని కొంచెం ఎక్కించి అతుకుతుంది. ముక్కలోపలి కంపనాలు మారవు గనుక శ్రుతి నిలుస్తుంది, మొత్తం పొడవు తగ్గుతుంది. కుట్టుపనివాడు చొక్కాలో మడత పెట్టి కుట్టినట్లన్నమాట.

తరువాత తీన్‌మార్ దరువు ఎక్కిస్తాడు. ఇది అచ్చంగా హైదరాబాదు సొత్తు. నిజాం కాలంలో ఇక్కడికి వచ్చిన ఆఫ్రికన్ సిద్దీలు, అరబ్బులు వాయించిన మర్ఫా వాద్యం ఈ ఊరి పెళ్ళి ఊరేగింపులలో కలిసిపోయింది. ఏ.సి.గార్డ్స్ అనే పేట పేరు కూడా ఆ సిద్దీల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చినదే. దానితోపాటు మన డప్పు ఉండనే ఉంది. వాయించేముందు డప్పును మంటమీద కాస్తారు, చూశారా? వేడికి తేమ పోయి చర్మం బిగుస్తుంది. బిగువు పెరిగితే పౌనఃపున్యం పెరుగుతుంది, డప్పు ఖంగుమంటుంది. కంప్యూటరు డప్పుకు మంట అక్కరలేదు. ఒక మీట తిప్పితే చాలు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ దుబ్. 1980లో జపానులోని రోలాండ్ సంస్థ టి.ఆర్-808 అనే దరువుల యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. అందులో డోలూ లేదు, చర్మమూ లేదు. ఉయ్యాలను ఒక్క తోపు తోసి వదిలితే ఊగి ఊగి ఆగిపోతుంది కదూ? అలాగే ఒక విద్యుత్ వలయానికి చిన్న తోపు తగిలితే అది సెకనుకు సుమారు 50 సార్లు ఊగుతూ చల్లారుతుంది. స్పీకరులో అదే దుబ్ మంటుంది.

అదే సంస్థ టి.బి-303 అనే మరో పెట్టెను కూడా చేసింది. గిటారు వాయించేవారికి తోడుగా ఉంటుందనుకున్నారు గాని ఎక్కువమంది కొనలేదు. బొంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ఈ రెండింటినీ వాడి, డిస్కో దరువుమీద పది రాగాలు రికార్డు చేశాడు. ఒక స్వరంనుంచి మరో స్వరానికి జారే గుణం 303లో ఉంది. రాగానికి అది చక్కగా అతికింది. పాపం, ఆ రికార్డును అప్పట్లో పట్టించుకున్నవారు లేరు. 1987లో అమెరికాలోని చికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే పెట్టె మీటలు తిప్పి చేసిన సంగీతం ఒక కొత్త నాట్యసంగీతానికి నాంది పలికింది. 2010లో చరణ్‌జిత్ సింగ్ రికార్డు మళ్ళీ వెలువడినప్పుడు విన్నవారు ముక్కున వేలేసుకున్నారు.

ఆ తిప్పిన మీటలలో ముఖ్యమైనది ఫిల్టరు. అదొక జల్లెడ. ఒక హద్దుకు పైనున్న పౌనఃపున్యాలను ఆపి, కిందివాటిని పోనిస్తుంది. పాట ఊపందుకునే ముందు ధ్వని నీళ్ళలో మునిగినట్లు మందగించి, ఒక్కసారిగా విచ్చుకోవడం మీరు వినే ఉంటారు. అది ఈ జల్లెడ పనే.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మీ ఇంటి గోడ కూడా ఒక ఫిల్టరే! సెకనుకు 5,000 సార్లు అటూ ఇటూ తోస్తే, బరువైన గోడ ఒకవైపు కదలబోయే లోపే వెనక్కి తోపు తగులుతుంది. జడత్వంవల్ల అది దాదాపు కదలదు. సెకనుకు 50 సార్లయితే కొంచెం కదలడానికి వ్యవధి దొరుకుతుంది. కదిలిన గోడ లోపలి గాలిని కదిలిస్తుంది. పైగా 340ని 50తో భాగిస్తే తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. అంత పొడవైన తరంగం ఇళ్ళ మూలల చుట్టూ సులభంగా వంగి వస్తుంది. గొంతును గోడ ఆపేసింది, దరువును ఆపలేకపోయింది.

స్పీకరు ముందు ఎగిరేవారికి మాత్రం అడ్డుగోడ లేదు. మన ఒక్కొక్క లోపలి చెవిలో సుమారు 15,000 రోమకణాలున్నాయి. పెద్ద ధ్వనికి అవి గడ్డిపోచల్లా వాలిపోతాయి. కొన్ని తిరిగి లేస్తాయి. చచ్చినవి మనుషులలో మళ్ళీ మొలవవు. పెద్దలకు 80 డెసిబెళ్ళ ధ్వని వారానికి 40 గంటలవరకు ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పిల్లలకు హద్దు ఇంకా తక్కువ, 75. ప్రతి 3 డెసిబెళ్ళకు ఆ వ్యవధి సగమవుతుంది. 83కు 20 గంటలు, 86కు 10 గంటలు. 101కి ఎంతో మీరే లెక్క వేయండి. వారానికి 20 నిమిషాలైనా రాదు! దరువు చేసేవాడికి ఇది మరీ పెద్ద చిక్కు. చెవే అతని పనిముట్టు. తెలిసినవాడు గదిలో తక్కువ ధ్వనితో పనిచేసి, మధ్యమధ్య చెవికి విశ్రాంతినిస్తాడు. లారీమీద నిలబడే కుర్రవాడికి ఆ సంగతి చెప్పేవారెవరు?

2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దు. 2024 అక్టోబరు 1న హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే సౌండును నిషేధించారు. పసిపిల్లలు, ముసలివారు ఉన్న ఇళ్ళవారు సంతోషించారు. కాని ఈ పనివారికి పండుగల రోజులే పంటకాలం. వారి గోడునూ కొట్టిపారేయలేం.

ఒక చిన్న ప్రయోగం చేయండి. గదిలో పాట పెట్టి బయటికి వచ్చి తలుపు మూయండి. మొదట మాయమైనదేది? మాటలా, తాళాల చప్పుడా? మిగిలిన దరువును గడియారం చూస్తూ 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి. మూడు పాటలకు చేసి, ఏది 120కి దగ్గరగా ఉందో కాగితంమీద రాసుకోండి. పాట మాత్రం నెమ్మదిగానే పెట్టండి!