డిష్ బిగించేవాడికి చదువెందుకంటారా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి వైపు నుంచి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఒకటే: "మావాణ్ణి ఏ కార్పొరేట్ కాలేజీలో వేయమంటారు?" ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత ఎప్‌సెట్, తర్వాత కంప్యూటర్ సైన్స్, ఆపైన హైదరాబాదో అమెరికానో. దారంతా ముందే గీసి తెస్తారు. పక్కన కూర్చున్న కుర్రాడిని ఎవరూ కదిలించరు. మాటల మధ్యలో తల్లి చెబుతుంది, ఇంట్లో మోటారు స్టార్టరు పాడైతే వీడే విప్పి బాగుచేస్తాడని. తండ్రి వెంటనే అడ్డుపడతాడు: "అవన్నీ ఎందుకు? రేపు ఊళ్లమ్మట డిష్‌లు బిగించుకుంటూ తిరుగుతాడా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను. డిష్ బిగించడం చదువు అబ్బనివాడి పని అని మన పల్లెల్లో గట్టి నమ్మకం. అది ఎంత తప్పో తెలియాలంటే ఒక్కసారి మన జిన్నింగ్ మిల్లుల్లోకి, గుంటూరు చుట్టుపక్కల మనం 'ఏసీ'లని పిలుచుకునే మిర్చి కోల్డ్ స్టోరేజీల్లోకి వెళ్లి చూడాలి.

ఒక జిన్నింగ్ మిల్లు ఆవరణే తీసుకుందాం. గేటు పక్కన కాటా గది, దాని వెనక ఆఫీసు. లోపల జిన్ను హాలు, ప్రెస్సు, గోడౌన్లు. చివర్లో సీజనంతా అక్కడే ఉండి పనిచేసే కూలీల క్వార్టర్లు, ఇంకోపక్క యజమాని గెస్ట్‌హౌసు. బిల్డింగుకీ బిల్డింగుకీ మధ్య లారీలు తిరగడానికి వదిలిన ఖాళీ జాగా. వీటన్నిట్లో టీవీ రావాలంటాడు యజమాని. బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లకు వాళ్ల భాషల ఛానళ్లు కావాలి. ఆఫీసులో వార్తలు, గెస్ట్‌హౌసులో క్రికెట్ రావాలి.

పని రానివాడు చేసేదేమిటంటే, గదికో డిష్ పెడతాడు. రేకులకు చిల్లులు పడతాయి, మొదటి వానకే కింద నిల్వ ఉన్న పత్తి తడుస్తుంది. కొంచెం తెలిసినవాడు ఒకే డిష్ పెట్టి, పాతిక రూపాయల స్ప్లిటర్ తగిలించి కేబుల్‌ను అన్ని గదులకూ పంచేస్తాడు. రెండోరోజుకే గొడవ మొదలవుతుంది. ఆఫీసులో ఛానల్ మారిస్తే క్వార్టర్లలో బొమ్మ పోతుంది.

ఎందుకు పోతుంది? డిష్ ముందుండే ఎల్ఎన్‌బీకి కరెంటు పంపేది గదిలోని సెట్‌టాప్ బాక్సే. ఛానల్ తరంగం నిలువుగా వచ్చేదైతే 13 వోల్టులు, అడ్డంగా వచ్చేదైతే 18 వోల్టులు పంపుతుంది. ఒకే తీగ మీద ఒక బాక్సు 13, ఇంకో బాక్సు 18 పంపితే ఎల్ఎన్‌బీ ఎక్కువ వోల్టేజీ మాటే వింటుంది. రెండో గదికి తెర నల్లబడుతుంది. దీనికి విరుగుడు క్వాట్రో ఎల్ఎన్‌బీ. నాలుగు రకాల సిగ్నళ్లనూ నాలుగు కేబుళ్లలో విడివిడిగా ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది. వాటిని మల్టీస్విచ్‌లోకి తెస్తే, అక్కడి నుంచి ఏ బాక్సు అడిగింది ఆ బాక్సుకు వెళుతుంది. ఒకళ్ల ఛానలు ఇంకొకళ్లను ఆపదు.

ఇక దూరం. మనవాళ్లు వాడే ఆర్‌జీ-6 కేబుల్‌లో పై ఫ్రీక్వెన్సీల దగ్గర 100 మీటర్లకు సుమారు 30 డెసిబెల్స్ పోతుంది. అంటే బయల్దేరిన సిగ్నల్ బలంలో వెయ్యో వంతే మిగులుతుంది. చేను చివరికి చేరేసరికి బోరు నీళ్లు సన్నబడినట్టే ఇదీ. గేటు దగ్గరి డిష్ నుంచి చివరి క్వార్టర్ల దాకా రాగి కేబుల్ లాగితే బొమ్మ నిలవదు. అక్కడ ఆప్టికల్ ఫైబర్ వాడాలి. ఫైబర్‌లో కిలోమీటరుకు అర డెసిబెల్ కూడా పోదు. ఇంకో మేలూ ఉంది. మిల్లులో ఒక్కో బిల్డింగుకు ఒక్కో ఎర్తింగ్ ఉంటుంది. వాటిని రాగి కేబుల్‌తో కలిపితే పిడుగు ఒకచోట పడ్డా ఆ దెబ్బ కేబుల్ వెంట పాకి మిగతా చోట్ల పెట్టెలనూ కాల్చవచ్చు. గాజు తీగలో కరెంటు పారదు.

అసలు డిష్ ఎటు తిప్పాలి? దూరదర్శన్ ఫ్రీ డిష్ ఛానళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. గుంటూరు నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ వైపు వేపచెట్టు కొమ్మ అడ్డొచ్చినా సిగ్నల్ రాదు. ఈ కోణాలు లెక్కగట్టేది మీ పిల్లవాడికి అర్థం లేకుండా బట్టీ పట్టిస్తున్న త్రికోణమితితోనే. డెసిబెల్ లెక్క లాగరిథమ్ లెక్కే. ఇదంతా చదువు కాదని ఎవరన్నారు?

ఉపగ్రహ టీవీ తెలుగు పల్లెలకు కొత్తా కాదు. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో అమెరికా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. కోళ్ల దొడ్డికి కట్టే వలలాంటి మెష్‌తో చేసిన పెద్ద డిష్‌లను ఊళ్లలో నిలబెట్టి, నడిపి, పాడైతే బాగుచేసింది టెక్నీషియన్లే.

అలాగని మీ పిల్లవాణ్ణి డీటీహెచ్ కంపెనీ బ్యాగు తగిలించుకుని బండెక్కమని నేను చెప్పను. ఆ పనిలో చాలాచోట్ల నెల జీతం ఉండదు, కాల్‌కి ఇంత అని లెక్క. బండి మనది, పెట్రోలు మనది, పీఎఫ్ ఉండదు. పైగా డబ్బు కట్టి చూసే డీటీహెచ్ కనెక్షన్లు ఏటా తగ్గుతున్నాయి. ట్రాయ్ లెక్కల్లో 2021లో 7 కోట్ల దరిదాపుల్లో ఉన్నవి 2024 మార్చి నాటికి 6 కోట్ల 20 లక్షలకు దిగాయి. ఫోన్లో చూసేవాళ్లు పెరిగారు. మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి ఇస్తోంది. ఒక ఇంటికి ఒక డిష్ బిగించడం మాత్రమే వచ్చినవాడికి రోజులు గడ్డుగానే ఉంటాయి.

నేను చెప్పేది ఆ పైమెట్టు గురించి. నాలుగు బిల్డింగులకు సిగ్నల్ పంచడం వచ్చినవాడికి కేబుల్ నష్టం తెలుసు, ఎర్తింగ్ తెలుసు, ఫైబర్ స్ప్లైసింగ్ (అతకడం) తెలుసు. రేపు అదే మిల్లు యజమాని సీసీ కెమెరాలు కావాలన్నా, కాటా గది కంప్యూటరును ఆఫీసుతో కలపమన్నా పిలిచేది అతన్నే. మిర్చి టిక్కీలు (బస్తాలు) దాచే ఏసీలకైనా, స్పిన్నింగ్ మిల్లులకైనా, మార్టూరు, బల్లికురవ గ్రానైట్ యూనిట్లకైనా ఇదే అవసరం. టీవీ పోయినా తీగ పోదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. ఇంటి కోసం తీసుకున్న డీటీహెచ్ కనెక్షన్‌ను ఇరవై గదులకు పంచి డబ్బు వసూలు చేయడం కుదరదు. కేబుల్ ఆపరేటరుగా పంచాలంటే 1995 కేబుల్ టీవీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు కాబట్టి కూలీల క్వార్టర్లకు అదే మేలు. ఈ సంగతి యజమానికి ముందే చెప్పగలిగినవాడికి నమ్మకంగా పని దొరుకుతుంది.

దారి విషయానికొస్తే, పది పాసైతే ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ లేదా ఎలక్ట్రీషియన్, రెండేళ్లు. లెక్కలు బాగా వచ్చేవాళ్లకు పాలిసెట్ రాసి మూడేళ్ల ఈసీఈ డిప్లొమా. ఆ తర్వాత ఇష్టమైతే ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి.

నా ఓటు ప్రభుత్వ ఐటీఐకి, దాని తర్వాత తప్పనిసరిగా అప్రెంటిస్‌షిప్‌కు. 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరితే కనీస స్టయిపెండ్ ఇచ్చి తీరాలి, చివర్లో జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, నిచ్చెన ఎక్కేముందు బెల్టు కట్టుకోవడం, 11 కేవీ లైను దగ్గర ఇనప పైపు ఎత్తకపోవడం అక్కడ అలవాటవుతాయి. తల్లులు భయపడేది ఈ ప్రమాదాలకే, ఆ భయం సబబైనదే. వానలో రేకులెక్కమనే కాంట్రాక్టరు దగ్గర ఒక్కపూట కూడా పని చేయనివ్వకండి.

ఇక మోసాలు. "మూడు నెలల్లో డీటీహెచ్, సీసీటీవీ, మొబైల్ రిపేరు, నూటికి నూరు శాతం ఉద్యోగం" అని బస్టాండు గోడల మీద రాసే ఇన్‌స్టిట్యూట్లను నమ్మకండి. ఫీజు కట్టేముందు లోపలికి వెళ్లి మూడే మూడు వస్తువులు చూపించమనండి: సిగ్నల్ మీటరు, పనిచేస్తున్న మల్టీస్విచ్, ఫైబర్ స్ప్లైసింగ్ మెషీను. చూపించలేకపోతే వెనక్కి తిరిగి వచ్చేయండి. చార్టులు, బొమ్మలు చూసి ఈ పని ఎవరికీ రాదు. కనెక్టర్ బిగించినప్పుడు లోపలి రాగి తీగ ఎంత బయటికి ఉండాలో, నీళ్లు జారిపోవడానికి కేబుల్‌ను కింద ఎలా వంచాలో చెయ్యి చేసుకుని నేర్చుకోవాల్సిందే. ఆ వంపు లేక కనెక్టర్లోకి చెమ్మ చేరి పాడయ్యే డిష్‌లు మన ఊళ్లలో కోకొల్లలు. డిపాజిట్ కట్టించుకుని ఏజెన్సీ ఇస్తామనేవాళ్ల దగ్గర కాగితం చూడకుండా రూపాయి కట్టకండి.

ఇంతకంటే పెద్ద మోసం ఇంకోవైపు జరుగుతోంది, దాన్ని మోసమని ఎవరూ అనడం లేదు. మిర్చి ధర పలికిన ఏడాది లక్షలు పోసి మేనేజ్‌మెంట్ సీటు కొంటారు. మరుసటి ఏడు నల్లతామర పురుగో, ధర పడిపోవడమో వస్తుంది. రెండో ఏడాది ఫీజుకు వడ్డీ అప్పు. కౌలు రైతైతే చెప్పనే అక్కర్లేదు. నాలుగేళ్లకు పట్టా చేతికొచ్చినా ప్రోగ్రాం రాయడం రాని కుర్రాడు అమీర్‌పేటలో ఇంకో కోర్సు, ఆపైన దొంగ అనుభవ పత్రం అమ్మే కన్సల్టెన్సీ గుమ్మం. దొరికిపోతే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది. కోడింగ్ మీద నిజంగా ఇష్టమున్న పిల్లవాడు తప్పకుండా కంప్యూటర్ సైన్స్ చదవాలి, చక్కగా చదవాలి. ఇష్టం లేనివాణ్ణి ఎదురింటివాళ్ల అబ్బాయిని చూసి తోయడమే నాకు కోపం తెప్పిస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడి చేతులు దేనికోసం ఆరాటపడుతున్నాయో ఇంట్లో ఉన్నవాళ్లకు కనబడదా?

ఆడపిల్లల గురించి కూడా చెప్పాలి. ఎలక్ట్రానిక్ మెకానిక్‌లో చేరతానంటే "స్తంభాలెక్కుతావా" అని నవ్వి ఆపేస్తున్నారు. ఫైబర్ అతకడం బల్ల ముందు కూర్చుని చేసే సున్నితమైన పని. బోర్డు రిపేరు, మల్టీస్విచ్ రాక్ అమర్చడం, ఏ కేబుల్ ఎంత పొడవో ప్లాను గీయడం, కొటేషన్ రాయడం కూడా అలాంటివే. ఈ పనులకు మనిషి కావాలని వెతుక్కునే చిన్న కాంట్రాక్టర్లు గుంటూరులో, ఒంగోలులో ఉన్నారు. ఈసారి ఐటీఐ అడ్మిషన్లు పడ్డప్పుడు దరఖాస్తులో ఆ ట్రేడును మొదటి ఎంపికగా రాయనివ్వండి. చేరేముందు ఒకరోజు ఆ ఐటీఐ వర్క్‌షాపు చూసి రమ్మని అమ్మాయిని పంపండి, వీలైతే మీరూ వెంట వెళ్లండి.