జిట్రేగి ముక్క ఎంతకి కొనాలి?

పెన్ స్టాండుకి రోజ్‌వుడ్ (మన జిట్రేగే) కావాలని అడితికెళ్తే పెద్ద దుంగలే చూపిస్తారు. ఫర్నిచర్ చేసే మేస్త్రి దగ్గర మిగిలిన ముక్కలు అడగండి. ముందు లెక్క: ఘనపుటడుగుకి 1728 ఘనపుటంగుళాలు. 2×2×12 అంగుళాల ముక్క 48, అంటే 36వ వంతు. ఘనపుటడుగు ధర 3600 అనుకుంటే ముక్క వంద. నేను మూడొందలిచ్చి ఇంటికొచ్చాక ఈ లెక్క వేశాను! అంచున తెల్లగా ఉన్నదానికి కాదు, చేవకే డబ్బివ్వండి. ముక్కని తూచి, వారం ఆగి మళ్ళీ తూచండి. బరువు తగ్గితే ఇంకా ఆరలేదు; ఇప్పుడే కోస్తే తర్వాత వంకరపోతుంది, పగులుతుంది. బిల్లు అడగడం మర్చిపోవద్దు. ఇక ఎవరైనా కాగితాల్లేకుండా ఎర్రచందనం ముక్క చవగ్గా ఇస్తానంటే ముట్టుకోకండి. శేషాచలం అడవిలో దొంగచాటుగా కొట్టిందైతే కేసు మీ మీదకీ వస్తుంది.