రొమ్ము పరీక్ష – మా అక్క నోటు పుస్తకంలోంచి



ఈసారి గోడ పత్రికలో సైన్సు పాఠం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. జల చక్రం ఇప్పటికే రెండుసార్లు వచ్చేసింది. అందుకని నేను వేరే విషయం తీసుకున్నాను. మా అక్క విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తన నోటు పుస్తకం తెచ్చింది. అందులో ఒక పాఠం ఊపిరితిత్తులు, రొమ్ములు ఎలా పరీక్షించాలి అని. అది చదివి, అక్కని అడిగి, మా పిన్ని సంగతి కూడా కలిపి ఇది రాస్తున్నాను.

"రొమ్ము అని గోడ మీద రాస్తావా?" అని మా క్లాసు వాళ్ళు నవ్వారు. నవ్వడానికి ఏముంది? రొమ్ము పడిశం పట్టింది అంటాం, రొమ్ము విరుచుకు నిలబడు అంటాం. అప్పుడు సిగ్గు లేదు కదా. ఊపిరి తీసే చోటుకీ, పాలిచ్చే చోటుకీ మన భాషలో ఒకటే మాట. నర్సు కూడా రెండింటినీ ఒకే కూర్చోపెట్టులో చూస్తుందట, ఎందుకంటే జాకెట్టు ఒకసారే విప్పించాలి. ముందు తలుపు వేసి, తెర లాగి, ఏం చేయబోతుందో చెప్పి, సరే అన్నాకనే ముట్టుకోవలెను. చూడని భాగం మీద దుప్పటి కప్పి ఉంచవలెను. ఇది అక్క పుస్తకంలో మొదటి పేజీ. పరీక్ష చేసేది మగ డాక్టరయితే పక్కన ఒక ఆడమనిషి ఉండాలి. మనం అడగవచ్చు, తప్పు కాదు.

ఊపిరితిత్తుల పరీక్షలో పనులు నాలుగు. చూడడం, తాకడం, తట్టడం, వినడం. మెడలో గొట్టం వేసుకోవడమే పరీక్ష అని నేను అనుకునేదాన్ని. అక్క మాత్రం సగం రోగం గొట్టం తీయకముందే తెలిసిపోద్ది అంటుంది.

చూడడంలో ముఖ్యమైనది ఊపిరి లెక్క. రొమ్ము ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. నిమిషం పూర్తిగా లెక్కించాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది. లెక్కిస్తున్నామని వాళ్ళకి చెప్పకూడదు, చెబితే ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని కళ్ళతో రొమ్ము చూడాలి. పెద్దవాళ్ళకు నిమిషానికి 12 నుంచి 20. పదేళ్ళ పిల్లలకు కదలకుండా ఉన్నప్పుడు సుమారు 18 నుంచి 25. చంటి పిల్లలకు ఎక్కువ ఉంటుంది. ఊళ్ళో మనకి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు కాబట్టి ఇది రాసుకోండి: దగ్గు, జలుబుతో ఉన్న బిడ్డకి రెండు నెలల లోపయితే 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఈ అంకె గానీ అంతకన్న ఎక్కువ గానీ ఉంటే నెమ్ము చేసిందేమో అని వెంటనే చూపించాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, పెదాలు నీలంగా మారినా ఇక అంకె కోసం చూడనక్కర లేదు, బయల్దేరడమే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. వానాకాలంలో మా డార్మిటరీలో మూడో తరగతి పాపకి దగ్గు, జ్వరం వచ్చాయి. రెండు రోజులు జలుబే అని మేమే బామ్ రాసి పడుకోబెట్టాం. మూడో రాత్రి స్టడీ అవర్ అయ్యాక చూస్తే ఒగరుస్తోంది. నేను తొందరపడి పావు నిమిషమే లెక్కపెట్టాను. తొమ్మిది వచ్చింది, అంటే 36. దగ్గే కదా అని ఊరుకోబోయాను. మళ్ళీ అనుమానం వచ్చి నిమిషం మొత్తం లెక్కిస్తే 44. ఎముకల మధ్య కండ లోపలికి పోతోంది. మేడమ్ గారిని లేపాం. ఆవిడ ఆ రాత్రే ఆటో పిలిపించారు. ఆస్పత్రిలో నెమ్ము అన్నారు. ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎనిమిదో రోజుకి తిరిగి వచ్చింది. ఇప్పుడు కోకోలో నన్నే అవుట్ చేస్తోంది. మొదటి రోజే ఎందుకు లెక్కపెట్టలేదా అని మాత్రం నాకు ఉండిపోయింది.

తాకడం. వీపు మీద రెండు అరచేతులూ ఆనించి, బొటనవేళ్ళు వెన్నెముక దగ్గర కలిపి, గట్టిగా ఊపిరి పీల్చమంటారు. వేళ్ళు రెండు పక్కలా సమానంగా విడిపోవాలి. ఒక పక్క కదలకపోతే ఆ పక్క ఏదో ఉంది. తరువాత "తొంభై తొమ్మిది" అనమని, చేతికి ఆ మాట అదురు ఎలా తగులుతుందో చూస్తారు. నెమ్ము ఉన్నచోట అదురు ఎక్కువ, నీరు చేరినచోట తక్కువ.

తట్టడం నాకు చాలా నచ్చిన భాగం. మన ఊళ్ళలో పనసకాయ పండిందో లేదో ఎలా చూస్తారు? వేలితో తట్టి వింటారు. డాక్టర్ల పనీ అదే. దీన్ని వైద్యంలోకి తెచ్చినవాడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్, ఆస్ట్రియా దేశస్థుడు. 1761లో పుస్తకం రాశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో సారాయి ఎంతవరకు ఉందో తట్టి తెలుసుకోవడం అక్కడి వాడుక. (మన దగ్గర జీలుగు కల్లు కుండని తట్టరా? మేడమ్ గారూ, ఇది సైన్సు కోసమే రాశాను.) ఎడమ చేతి నడిమి వేలు ఎముకల మధ్య ఆనించి, కుడి చేతి నడిమి వేలితో దాని కణుపు మీద కొట్టాలి. మణికట్టు మాత్రమే ఆడాలి. గాలి ఉన్నచోట డొల్లగా మోగుతుంది. నెమ్ము పట్టినా, నీరు చేరినా బండ మీద కొట్టినట్టు ఉంటుంది. మీరు కుడి పక్క పైనుంచి కిందికి తట్టుకుంటూ పొండి. ఒకచోట శబ్దం మారిపోతుంది. భయపడకండి, అది కాలేయం.

ఇక గొట్టం. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు దగ్గరకు గుండె జబ్బుతో ఒక యువతి వచ్చింది. ఆ రోజుల్లో చెవి రొమ్ముకి ఆనించి వినేవారు. ఆడపిల్ల రొమ్ము మీద చెవి పెట్టడం మర్యాద కాదని ఆయన వెనకాడాడు. కాగితాలు చుట్టి గొట్టం చేసి ఒక కొస ఆమె రొమ్ముకి, ఒక కొస తన చెవికి పెట్టుకున్నాడు. చెవి ఆనించినదానికన్న బాగా వినపడింది! తరువాత కర్రతో చేశాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. సిగ్గు వల్ల వచ్చిన లాభం నాకు తెలిసి ఇదొక్కటే. ఆ లెనెక్ 1826లో క్షయతోనే పోయాడు.

బిళ్ళని అరచేతిలో వేడి చేసి చర్మం మీదనే పెట్టాలి. బట్ట మీద పెడితే బట్ట రాపిడే వినపడుతుంది. నోటితో ఊపిరి తీయమనాలి. పైనుంచి కిందికి, కుడి ఎడమలు పోల్చుకుంటూ వినాలి. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు. కింది భాగాలు వీపు వైపునే ఎక్కువ, అందుకే వీపు వినకపోతే సగమే విన్నట్టు. రెక్క ఎముక మీద పెడితే ఏమీ వినపడదు. ఉబ్బసంలో పిల్లికూతలు వస్తాయి. నెమ్ములో కరకరలు. ఆ కరకర ఎలా ఉంటుందో తెలియాలంటే చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు వేళ్ళ మధ్య నలపండి, అదే. ఒక పక్క అసలేమీ వినపడకపోతే అది ఇంకా ప్రమాదం.

నర్సు ప్రశ్నలు కూడా అడగాలి. కట్టెల పొయ్యి ఇంట్లోనేనా? అడ్డపొగ తాగుతారా? గళ్ళలో రక్తం పడిందా? దగ్గు రెండు వారాలు దాటితే గళ్ళ పరీక్ష చేయించాలి. క్షయ మందులు సర్కారువే, ఉచితం. సాధారణంగా ఆరు నెలలు వాడాలి. తిండి కోసం నెలకి 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. క్షయ కంచం వల్ల రాదు, దగ్గిన గాలి వల్ల వస్తుంది. కాబట్టి దగ్గేవాళ్ళకి వేరే కంచం పెట్టి అవమానించకండి, కిటికీలు తీయండి. ఇంకో మాట, సికిల్ సెల్ ఉన్న పిల్లలకి జ్వరంతో రొమ్ము నొప్పి, ఆయాసం వస్తే తెల్లారే దాకా ఆగకూడదు.

ఇప్పుడు రొమ్ముల సంగతి. మా పిన్నికి ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ వచ్చింది. ఏడాది ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అంటే, "నొప్పెడితే సెప్పేదాన్ని, నొప్పి నేదు కదేటి" అంది. అదే మోసం. కేన్సరు గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. పసరు కట్టింది, తగ్గలేదు. చంకలో బిళ్ళ కట్టాక అక్క చూసి విశాఖ తీసుకుపోయింది. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, మందులెక్కించారు, జుట్టంతా రాలిపోయింది. ఇప్పుడు జుట్టు వచ్చింది. మొన్న పసుపు తవ్వడానికి కూడా వెళ్ళింది. ముందే వస్తే రొమ్ము ఉంచి గడ్డ మాత్రమే తీసేవాళ్ళమేమో అని డాక్టరు అన్నారట.

నర్సు ముందుగా కూర్చోబెట్టి చూస్తుంది. చేతులు కింద పెట్టి, తరువాత పైకెత్తి, తరువాత నడుం మీద నొక్కి. ఎత్తినప్పుడు చర్మం ఎక్కడైనా సొట్ట పడిందా, బత్తాయి తొక్కలా గుంటలు ఉన్నాయా, చనుమొన కొత్తగా లోపలికి పోయిందా అని. పుట్టినప్పటినుంచి లోపలికి ఉంటే అది వేరు. తరువాత పడుకోబెట్టి, భుజం కింద మడత గుడ్డ పెట్టి, మూడు వేళ్ళ మెత్తని భాగంతో చూడాలి. కొసలతో పొడవకూడదు. పొలం దున్నినట్టు సాలు వెంట సాలు, మెడ కింది ఎముక నుంచి రొమ్ము కింది దాకా, ఒక్క జాగా వదలకుండా. ప్రతి చోటా పైపైన, కొంచెం లోతుగా, ఇంకా లోతుగా నొక్కాలి. చంక వైపు పై భాగంలోనే గడ్డలు ఎక్కువ వస్తాయి. చంకలు తప్పకుండా చూడాలి. గడ్డ ఉంటే గడియారం లెక్కలో రాస్తారు: ఎడమ రొమ్ము, రెండు గంటల వైపు, ఇన్ని సెంటీమీటర్లు, కదులుతోందా, అతుక్కుని ఉందా. నెలసరి మొదలైన వారం తరువాత అయితే రొమ్ములు మెత్తగా ఉండి బాగా తెలుస్తుంది.

మన వయసు వాళ్ళు దీని గురించి బెంగపెట్టుకోనక్కర లేదు. ఈ వయసులో రొమ్ము కేన్సరు చాలా చాలా అరుదు. ఎదిగే రోజుల్లో చనుమొన కింద చిన్న గడ్డలా గట్టిగా తగలడం, ఒకటి ముందు ఒకటి వెనక పెరగడం, ఒకటి పెద్దగా ఉండడం మామూలే. ఎదిగే మగపిల్లల్లో కూడా చాలామందికి కొంతకాలం అలా వస్తుంది. ఎర్రబడి, వేడిగా ఉండి జ్వరమొస్తే, రక్తం కారితే, గడ్డ పెరుగుతుంటే మేడమ్ గారికో, ఏఎన్ఎం అక్కకో చెప్పండి. మన అమ్మల సంగతి వేరు. ముప్పై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు ఐదేళ్ళకోసారి నర్సుతోనో డాక్టరుతోనో చూపించుకోవాలని సర్కారు పద్ధతి. సెలవులకు వెళ్ళినప్పుడు అడగండి. మా అమ్మ మొదట తిట్టింది, తరువాత పిన్నితో కలిసి వెళ్ళి చూపించుకుంది.

చివరగా ఒక విన్నపం. సిక్ రూము గడియారంలో సెకన్ల ముల్లు దసరా నుంచి ఆగిపోయి ఉంది. ఆ రాత్రి నేను వాచ్‌మన్ తాతయ్య వాచీ అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒక బ్యాటరీ ఇప్పించవలసిందిగా వార్డెన్ మేడమ్ గారిని కోరుతున్నాం.

– తొమ్మిదో తరగతి తరఫున