టమాటాలు జారుకెక్కించే ముందు

చి. సౌ. స్వాతికి,

పెరట్లో టమాటాలు బుట్టలకొద్దీ దిగుతున్నాయనీ, ఇరుగుపొరుగుకి పంచినా తరగడం లేదనీ, ఈసారి అమెరికా వాళ్లలాగా జార్లలో పట్టి దాచుకుంటాననీ రాశావు. భేషుగ్గా పట్టుకో. మీ డెన్వర్ మంచులో కూచుని, షాపులో దొరికే రుచీపచీ లేని కాయలతో చారు పెట్టుకునే ఖర్మ తప్పుతుంది.

కాకపోతే, నిలవ పచ్చళ్లు పట్టిన చేతికి ఈ పని మరీ సులువుగా కనిపిస్తుంది. భయమంతా అక్కడే. మన టమాటా పచ్చడికి ముక్కల్ని ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి, చింతపండూ కారమూ కలుపుతాం. తడి పోతుంది, ఉప్పూ పులుపూ కాపలా కాస్తాయి. చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే పైన బూజు కట్టి అదే చెప్పేస్తుంది. జారులో టమాటా తన నీళ్లతోనే ఉంటుంది. అందులో వేసే ఉప్పు రుచికే, నిలవకి కాదు. అక్కడ కాపాడేవి పులుపూ వేడీ, రెండే. ఆ రెండింటినీ కొలిచి వెయ్యాలి తప్ప కంటికొలత పనికిరాదు.

మట్టిలో ఉండే బోటులినమ్ అనే బాక్టీరియా బీజాలు మరిగే నీళ్లకి చావవు. గాలి లేక, పులుపు తక్కువైన చోట అవి మేలుకుని విషం తయారుచేస్తాయి. రంగులోనూ వాసనలోనూ ఏ తేడా తెలియకపోవచ్చు. నాలిక మీద చుక్కేసి చూసే మన అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. పి.హెచ్. 4.6 దాటకుండా ఉంటే ఆ బీజాలు లేవవు. టమాటా సరిగ్గా ఆ గీత దగ్గరే ఊగిసలాడుతుంది, రకాన్నిబట్టీ పండినదాన్నిబట్టీ మారుతుంది. అందుకని ఎంత పుల్లటి కాయలైనా సరే, క్వార్ట్ జారుకి రెండు టేబుల్ స్పూన్లు, పింట్ జారుకి ఒకటి చొప్పున సీసాలో అమ్మే నిమ్మరసం వెయ్యి. లేకపోతే నిమ్మ ఉప్పు, క్వార్టుకి అర టీస్పూను, పింటుకి పావు. తాజా నిమ్మకాయ పిండకు. కాయకీ కాయకీ పులుపు మారుతుంది, సీసాలోదైతే ఒకేలా ఉంటుంది. మరీ పుల్లగా అనిపిస్తే చిటికెడు పంచదార వేసుకో.

కాయల్ని మరిగే నీళ్లలో అర నిమిషం, మహా అయితే నిమిషం ఉంచి చన్నీళ్లలో వేస్తే తొక్క చేతికి ఊడి వచ్చేస్తుంది. ముచ్చిక తీసి ముక్కలు చెయ్యి. ముందు ఆరో వంతు ముక్కల్ని గిన్నెలో వేసి, మెదుపుతూ గబగబా మరిగించు. రసం ఊరాక మిగతావి కొద్దికొద్దిగా వేసి, మొత్తం మరో అయిదు నిమిషాలు ఉడకనివ్వు. నింపే జారు కూడా వేడిగా ఉండాలి, చల్లటి గాజులో మరిగేది పోస్తే పగులుతుంది. పైన అరంగుళం ఖాళీ వదిలి, ప్లాస్టిక్ గరిటె అంచు వెంట తిప్పి బుడగలు పోగొట్టు. జారు అంచు తడిగుడ్డతో తుడిచి మూత పెట్టు. ఒక్క గింజ అంటుకుని ఉన్నా మూత పట్టదు. రింగు వేళ్ల కొసలతో బిగిస్తే చాలు. లోపలి గాలి బయటికి పోవాలి కదా.

ఇక నీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది మీ ఊరి ఎత్తు సంగతి. డెన్వర్ 5,280 అడుగుల మీద ఉంది. అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ఇలా పట్టిన క్వార్ట్ జార్లు మాకు మైదానంలో 45 నిమిషాలు మరిగితే చాలు, నీకు 55 కావాలి. పింట్ జార్లకి మాకు 35, నీకు 45. జార్ల మీద అంగుళం ఎత్తున నీళ్లు నిలవాలి, పొంగి మరగడం మొదలయ్యాకే టైము లెక్కపెట్టు. ఈ కొలతలు నా సొంతం కావు, అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల క్యానింగ్ పుస్తకంలోవి. మన పప్పు వండే కుక్కర్లో రెండు విజిల్స్ పెడితే పోదా అంటావేమో! అది చిన్నది, గబుక్కున వేడెక్కి గబుక్కున చల్లారుతుంది. క్యానింగ్ లెక్కలు దానికి కట్టినవి కావు.

ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, నూనె, ఏదీ జారులో వెయ్యకు. కూరగాయలు పులుపుని తగ్గిస్తాయి. పోపు జారు తెరిచిన రోజున పెట్టుకోవచ్చు, ఘుమఘుమలాడుతుంది కూడా. మంచుకి మాడిపోయిన తీగల మీది కాయలు జారుకి వద్దు. మంచు పడే ముందే తీగ మీద మిగిలిన పచ్చికాయలు కోసేసుకుని పప్పులో వేసుకో.

జార్లు తీశాక గుడ్డ మీద ఎడంఎడంగా పెట్టి ఒక రోజు కదపకు. చల్లారేకొద్దీ మూతలు ఒక్కొక్కటే టక్కుమంటాయి. మర్నాడు మూత మధ్యలో వేలితో నొక్కితే లోపలికీ పైకీ ఆడకూడదు. ఆడిన జారుని ఫ్రిజ్‌లో పెట్టి ముందు వాడెయ్యి. మిగతా వాటి రింగులు తీసేసి, తారీఖు రాసి, ఎండ తగలని అరలో పెట్టు. రింగులు మళ్లీ పనికొస్తాయి, మూతలు మాత్రం ప్రతిసారీ కొత్తవే. తర్వాతెప్పుడైనా మూత ఉబ్బినా, తెరవగానే చిమ్మినా రుచి చూడకుండా పారెయ్యి.

ఇంత తతంగం దేనికని విసుగేస్తే కడిగి ఫ్రీజర్లో పడేసినా నేనేమీ అనుకోను. జార్లే పడతానంటే మొదటిసారికి ఏడు క్వార్ట్ జార్లు చాలు, దానికి దాదాపు పది కిలోల కాయలు పడతాయి. అబ్బాయిని తొక్కలు తీయడానికి కూచోబెట్టు.

ఇట్లు,
పెద్దమ్మ