కార్పెట్ నేర్పిన పాఠాలు

ఒహాయోలో కుట్టుమిషన్లు, వాక్యూమ్ క్లీనర్లు బాగుచేసే షాపులో నా పని జీవితమంతా గడిచింది. విజయవాడ నుంచో వరంగల్ నుంచో కొత్తగా వచ్చి, కార్పెట్ పరిచిన అద్దె ఇంట్లో దిగిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. "అంకుల్, పాత అప్‌రైట్ (నిలువు) వాక్యూమ్ మిషన్లు గట్టివంటారు కదా, అలాంటిది వెతుక్కోమంటారా, కొత్తది కొనమంటారా?" అని అడుగుతారు. వాళ్ళకు తీరిగ్గా చెప్పాలనుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. కార్పెట్‌ను పీల్చితే చాలదు, దులపాలి.

గచ్చు మీద పెరిగినవాళ్ళకు ఈ సంగతి వెంటనే తట్టదు. టైల్స్ మీద దుమ్ము పైనే ఉంటుంది. కార్పెట్‌లో ఇసుక నూలు మొదళ్ళలోకి దిగి, నడిచినప్పుడల్లా ఆ పోగుల్ని కోస్తుంది. మా ఒహాయోలోనే, క్యాంటన్ ఊళ్ళో ఒక పెద్ద దుకాణం ఊడ్చే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్‌కు ఉబ్బసం ఉండేది. ఊడుస్తుంటే లేచే దుమ్ము పడక ఆయన ఒక ఫ్యాను మోటారు, తిరిగే బ్రష్, చీపురుకర్ర, తలగడ గలీబు కలిపి ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908లో దానికి పేటెంట్ వచ్చింది. దాన్ని కొన్నది హూవర్ కుటుంబం. 1926లో హూవర్ వాళ్ళు బ్రష్ రోలరుకు లోహపు కడ్డీలు జోడించారు. గాలి కార్పెట్‌ను కాస్త పైకి లేపుతుంటే ఆ కడ్డీలు దాన్ని తట్టేవి, మన అమ్మలు దుప్పటి దులిపినట్టు. అప్‌రైట్ మిషను ప్రాణం అక్కడుంది.

ఇవాళ అట్టపెట్టె మీద "12 ఆంప్స్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది మిషను తినే కరెంటు లెక్క, చేసే పని లెక్క కాదు. ఐరోపాలో మోటారు శక్తిని 2014లో 1600 వాట్లకు, 2017లో 900 వాట్లకు పరిమితం చేశారు. అక్కడి ఇళ్ళేమీ మురికిపట్టిపోలేదు. బ్రష్, గాలి దారి బాగుంటే చిన్న మోటారు చాలు. పైగా ఇప్పటి మెత్తని, దట్టమైన కార్పెట్ల మీద పీల్చుడు మరీ ఎక్కువైతే మిషను నేలకు అతుక్కుపోయి కదలదు. పాతవాటిలో చాలావాటికి బ్రష్ ఎత్తు సరిచేసే మీట ఉండేది. కొత్తదానికి అదైనా, గాలి వదిలే చిన్న కిటికీ అయినా ఉందో లేదో చూసి కొను.

2. చెత్త ఏ దారిన పోతుందో తెలుసుకో.

పాత అప్‌రైట్‌లలో చాలావాటికి ఫ్యాను ముందు, సంచి వెనుక. చెత్త తిన్నగా ఫ్యాను రెక్కల మధ్య నుంచి సంచిలోకి వెళుతుంది. దారి పొట్టి కనుక కొద్ది శక్తితోనే కార్పెట్ బాగా శుభ్రపడేది. కానీ ఒక నాణెమో మేకో పడితే రెక్క విరిగేది. కొత్తవాటిలో ఫ్యాను వెనక్కి పోయింది, దాని దగ్గరికి వడకట్టిన గాలే వస్తుంది. గొట్టం కూడా మిషనుకే అమర్చి ఉంటుంది. పాతవాటికి గొట్టం తగిలించడమంటే వంగి, తిప్పి, బిగించి నానా తంటాలు పడాలి. మెట్లూ సోఫాలూ ఎక్కువున్న ఇంటికి కొత్తదే మేలని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

3. నేల శుభ్రం వేరు, గాలి శుభ్రం వేరు.

ఇది ఆలస్యంగా తెలిసింది, ఆ బాధ ఇంకా ఉంది. ఉబ్బసం ఉన్న పిల్లాడి తల్లికి, ఎన్నేళ్ళయినా చెడదని చెప్పి, గుడ్డ సంచి ఉన్న పాత మిషను బాగుచేసి ఇచ్చాను. ఊడ్చిన రోజే వాడికి దగ్గు పెరుగుతోందని ఆవిడ వచ్చి చెప్పాక, షాపు కిటికీలోంచి ఎండ పడేచోట అలాంటి సంచి ఉన్న మిషనునే నడిపి చూశాను. నేత కన్నాల్లోంచి సన్నని దుమ్ము పొగలా వస్తోంది. ఫ్యాను సంచిలోకి గాలిని నెడుతుంది కదా, ఆ ఒత్తిడికి సన్నదంతా బయటికే పోతుంది. ఉబ్బసం మనిషి కనిపెట్టిన యంత్రమని తెలిసి కూడా నేను ఆలోచించింది మోటారు మన్నిక గురించే.

ఇక్కడ కొత్త తరానిదే గెలుపు. అసలైన హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 99.97 శాతాన్ని ఆపుతుంది. అయితే ఫిల్టరు చుట్టూ రబ్బరు పట్టు సరిగ్గా లేకపోతే గాలి పక్కనుంచి తప్పుకుంటుంది. ఫిల్టరు ఒక్కటే కాదు, మిషను మొత్తం గాలి చొరనట్టు మూసి ఉందా అని అడుగు.

4. సంచి పోయినా చాకిరీ పోలేదు.

జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు చేసి చూశాకే సంచి లేని యంత్రాన్ని సాధించాడు. 1993లో ఆయన డీసీ01 మిషను వచ్చింది. గాలిని సుడి తిప్పి చెత్తను విడదీసే ఆ పద్ధతి అంటే నాకు నిజమైన గౌరవం. కానీ డబ్బా ఖాళీ చేసేటప్పుడు దుమ్ము మళ్ళీ మొహానికే వస్తుంది. ఫిల్టరు ఉతికి, పూర్తిగా ఆరనివ్వాలి. "పీల్చడం లేదు" అంటూ షాపుకు తెచ్చిన మిషన్లలో ఎక్కువభాగం ఫిల్టరు ఉతకనివే. అలర్జీ ఉన్న ఇంటికి నేను ఇప్పటికీ కాగితం సంచి ఉన్నదే కొనమంటాను.

5. విప్పగలిగినదే నీ సొంతం.

పాత మిషను అడుగు రేకు ఒక స్క్రూడ్రైవర్‌తో వచ్చేసేది. సాగిన రబ్బరు బెల్టు తీసి కొత్తది వేయడం ఇంటావిడే చేసుకునేది. ఇప్పుడు చాలావాటికి ప్లాస్టిక్ కొక్కేలు, విప్పబోతే విరుగుతాయి. విడిభాగం దొరికినా, ఆ పనికి పట్టే గంట కూలీకి ఇంకో చవక మిషను వచ్చేస్తుంది. చవకగా కొనుక్కోగలగడం పేద ఇంటికి మేలే, కాదనను. కానీ 2007లో నార్త్ క్యాంటన్‌లోని హూవర్ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ఈ ప్రాంతం పోగొట్టుకున్నది ఉద్యోగాలనే కాదు. శబ్దం విని బేరింగు అరిగిందో, రెక్క విరిగిందో చెప్పగల మనుషులు చెదిరిపోయారు. వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకునే తరం మళ్ళీ రాలేదు.

6. తీగ లేనిది కొంటే ముందు బ్యాటరీ గురించి అడుగు.

2018లో డైసన్ సంస్థ ఇక తీగ ఉన్న మిషన్లను కొత్తగా రూపొందించబోమని ప్రకటించింది. తీగ లేనివి తేలికగా, నిలబడి ఉన్నచోటే అందుకునేలా ఉంటాయి కనుక పెద్దవాళ్ళకు సుఖమే. మోటారు బాగానే ఉన్నా కొన్నేళ్ళకు బ్యాటరీ నీరసపడుతుంది. దాన్ని నీ చేత్తో తీసి మార్చగలవా, విడిగా ఎంతకు అమ్ముతున్నారు, బ్రష్ రోలరుకు చుట్టుకున్న పొడుగు జుట్టు కోసి తీయడానికి రోలరు బయటికి వస్తుందా అన్నవి డబ్బు కట్టకముందే తేల్చుకో. షాపులో నమూనా మిషను ఉంటే అడిగి, నీ చేత్తోనే రోలరు ఊడదీసి మళ్ళీ బిగించి చూడు.