పడవ మీద ఇంటర్నెట్: రూటరు ఎంచుకోవడం ఎలా?

(విజ్ఞాన పాఠం. రాసినది: 9వ తరగతి విద్యార్థి)



మన శ్రీశైలం చుట్టుపక్కల పడవ ఎక్కని వాళ్ళు తక్కువ. పాతాళగంగ రేవు నుంచి అక్కమహాదేవి గుహలకు మర పడవలు పోతాయి. డ్యాము కింద లింగాలగట్టు దగ్గర చేపలు పట్టేవాళ్ళ పడవలు, పుట్టీలు ఉంటాయి. నీళ్ళు నిండుగా ఉన్న కాలంలో లింగాలగట్టుకు, నాగార్జునసాగర్‌కు మధ్య టూరిస్టు లాంచీ నడుస్తుంటుంది. ఆ దారి సుమారు 110 కిలోమీటర్లు. అటు ఇటు నల్లమల కొండలే. మనలో కొందరి నాయనలు, మామలు ఈ నీళ్ళ మీదే బతుకుతారు.

పడవకు ఇంటర్నెట్ ఎందుకు అని అడగవచ్చు. టికెట్ డబ్బులు ఫోనులో తీసుకోవడానికి కావాలి. ఎక్కినవాళ్ళ పేర్లు ఒడ్డు మీది ఆఫీసుకు పంపడానికి కావాలి. గాలివాన కబురు, డ్యాము గేట్లు ఎత్తే కబురు తెలియడానికి కావాలి. ఆపద వస్తే కేక వేయడానికి కావాలి. చివరి పని అన్నిటికన్నా పెద్దది. అందుకే ఈ విషయం పాఠంగా రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెప్తాను. రూటరు సిగ్నల్‌ను పుట్టించదు. బయట ఉన్న సిగ్నల్‌ను పట్టి లోపల పంచుతుంది, అంతే. అంగడికి పోయి "మంచి రూటరు ఇవ్వండి" అని అడిగితే సరిపోదు. రూటరు సంగతి చివర్లో చూడాలి. ముందు సిగ్నల్, కరెంటు, యాంటెన్నా సంగతి తేల్చుకోవాలి.

1. రెండు తాళ్ళు

రూటరుకు రెండు వైపులా రెండు బంధాలు ఉంటాయి. ఒకటి మన ఫోనుకు, రూటరుకు మధ్య. దీన్ని వైఫై అంటాము. రెండోది రూటరుకు, ఒడ్డు మీది సెల్ టవరుకు మధ్య.

మన చెంచు పెద్దలు కొండ తేనె తీసే పద్ధతి గుర్తు తెచ్చుకోండి. తాడు పట్టుకుని కొండ అంచున కిందికి దిగుతారు. పైన ఆ తాడును కాపాడటానికి బావమరిదిని పెడతారు. కింద దిగినవాడు తాడును ఎంత గట్టిగా పట్టుకున్నా, పైన మనిషి లేకపోతే ఏం లాభం?

వైఫై కూడా ఇంతే. ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది. అది మన చేతిలోని తాడు మాత్రమే. పైన టవరు అందకపోతే ఒక్క అక్షరం కూడా ఒడ్డుకు చేరదు. పడవలో "వైఫై ఉంది" అని బోర్డు చూసి ధైర్యపడే వాళ్ళందరూ ఈ తేడా తెలుసుకోవాలి.

2. ముందు సిగ్నల్ కొలవాలి

ఫోను మీద గీతలు చూసి లెక్క వేయకూడదు. ఒక్కో కంపెనీ ఫోను ఒక్కో తీరుగా గీతలు చూపిస్తుంది. ఫోను సెట్టింగ్స్‌లో సిమ్ వివరాల దగ్గర సిగ్నల్ బలం అంకెల్లో ఉంటుంది. దాని కొలత పేరు డీబీఎం. ముందు మైనస్ గుర్తు ఉంటుంది. 4జిలో -80 అంటే చాలా బాగుంది. -100 అంటే ఫరవాలేదు. -110 దాటితే కష్టం. -120 దగ్గర తెగిపోతుంది. పూర్ణసంఖ్యల పాఠంలో చెప్పినట్టే, -80 పెద్దది, -120 చిన్నది. ఇంకో సంగతి, 10 తగ్గితే శక్తి పదో వంతుకు పడిపోతుంది. -90 నుంచి -100కు పోవడం చిన్న మార్పు కాదన్నమాట.

పడవ పోయే దారి అంతా ప్రతి మలుపు దగ్గర ఈ అంకె పుస్తకంలో రాసుకోవాలి. రెండు మూడు కంపెనీల సిమ్‌లతో రాయాలి. సెల్ తరంగాలు చాలావరకు తిన్నగా పోతాయి. కొండ అడ్డం వస్తే బలహీనపడతాయి. రేవు దగ్గర బాగున్న ఫోను మలుపు తిరగ్గానే మూగబోవడానికి కారణం ఇదే.

మన జలాశయానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. శ్రీశైలం డ్యాము నిండు నీటిమట్టం 885 అడుగులు. వేసవికి మట్టం పదుల అడుగులు దిగిపోతుంది. నీళ్ళతో పాటు పడవ కూడా కిందికి దిగుతుంది. రెండు పక్కలా కొండ గోడలు మరింత ఎత్తుగా నిలబడతాయి. అదే చోట కార్తీకంలో అందిన సిగ్నల్ చైత్రంలో అందకపోవచ్చు. కాబట్టి ఏడాదికి రెండుసార్లు, నిండు నీళ్ళలో ఒకసారి, తగ్గిన నీళ్ళలో ఒకసారి కొలవాలి.

3. ఏ రకం రూటరు?

ఇళ్ళలో, ఆఫీసుల్లో పెట్టే మామూలు రూటరుకు వెనక తీగ వచ్చి కలవాలి. నీళ్ళ మీద ఆ తీగ ఎక్కడిది? కాబట్టి సిమ్ కార్డు వేసే రూటరు కావాలి. అందులో మూడు తరగతులు ఉన్నాయి.

మొదటిది జేబులో పట్టే హాట్‌స్పాట్ డబ్బా. చవక, సొంత బ్యాటరీ ఉంటుంది. చాలావాటికి బయటి యాంటెన్నా తగిలించే వీలుండదు. ఒకరిద్దరు పోయే పడవకు ఇది చాలు.

రెండోది ఇంట్లో బల్ల మీద పెట్టే 4జి రూటరు. కొన్నిటికి యాంటెన్నా సాకెట్లు ఉంటాయి. చల్లని గదిలో ఉండటానికి చేసింది కాబట్టి ఎండ, అదురు తట్టుకోదు.

మూడోది బస్సులకు, లారీలకు, పడవలకు చేసిన రూటరు. రేకు ఒళ్ళు, రెండు యాంటెన్నా సాకెట్లు, చాలావాటికి రెండు సిమ్‌లు. ఒక కంపెనీ సిగ్నల్ పోతే రెండో సిమ్‌కు తనే మారుతుంది. ధర ఎక్కువ. జనాన్ని ఎక్కించుకునే లాంచీకి ఇదే తగినది.

కొనే ముందు బ్యాండ్ల పట్టీ తప్పక చూడాలి. బ్యాండ్ అంటే సిగ్నల్ నడిచే బాట. మన దేశంలో 4జికి 850, 900, 1800, 2100, 2300 మెగాహెర్ట్జ్ బాటలు వాడుతున్నారు. బీఎస్ఎన్ఎల్ 700 బాట కూడా వాడుతుంది. ఆ సంస్థ సొంత దేశపు 4జి పరికరాలతో కట్టిన నెట్‌వర్క్‌ను 2025 సెప్టెంబర్ 27న దేశమంతటా ప్రారంభించారు. అంకె తగ్గేకొద్దీ తరంగం ఎక్కువ దూరం పోతుంది, చెట్ల మధ్య నుంచి కొంచెం మెరుగ్గా వస్తుంది. మన అడవికి 700, 850, 900 బాటలు మేలు. విదేశాల నుంచి తెచ్చిన రూటరులో మన బాటలు కొన్ని ఉండకపోవచ్చు. అప్పుడు ఎంత ఖరీదు పెట్టినా అది మన టవరు మాట వినదు.

4. యాంటెన్నా సంగతి

యాంటెన్నా పడవ పైకప్పు మీద, ఎత్తులో, ఇనుము అడ్డం లేకుండా ఉండాలి. ఒకే దిక్కు చూసే యాంటెన్నా ఇంటికి మంచిది, పడవకు పనికిరాదు. పడవ తిరిగిన ప్రతిసారీ దాని ముఖం కూడా తిరిగిపోతుంది. అన్ని దిక్కులా పట్టేది కావాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అంగట్లో "దీనికి గెయిన్ ఎక్కువ, ఇదే తీసుకో" అంటారు. అన్ని దిక్కులా పట్టే యాంటెన్నాలో గెయిన్ పెరిగేకొద్దీ అది పట్టే ప్రాంతం పళ్ళెంలా పలచబడుతుంది. చదునైన సముద్రంలో అది బాగానే ఉంటుంది. మన దగ్గర పడవ లోయలో ఉంటుంది, టవరు కొండ మీద ఉంటుంది. పైగా పడవ ఊగుతుంది. పళ్ళెం ఒకసారి నీళ్ళను, ఒకసారి ఆకాశాన్ని చూస్తుంది. కాబట్టి మధ్యరకం గెయిన్ ఉన్నదే మనకు మంచిది.

యాంటెన్నా నుంచి రూటరుకు వచ్చే కేబులు పొట్టిగా, మందంగా ఉండాలి. సన్నని కేబులు 10 మీటర్లు లాగితే పట్టిన సిగ్నల్‌లో సగానికి పైగా దారిలోనే పోతుంది. కుండకు చిల్లి పెట్టి నీళ్ళు మోసినట్టు!

సిగ్నల్ పెంచే బూస్టర్లు అని కొన్ని అమ్ముతుంటారు. అనుమతి లేకుండా సొంతంగా వాటిని పెట్టడం మన దేశంలో నేరం. పక్కవాళ్ళ ఫోన్లను, టవరును కూడా చెడగొడతాయి.

5. కరెంటు లెక్క

పడవలో కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. ఒక లెక్క చేద్దాం.

రూటరు 12 వోల్టుల మీద 1 ఆంపియర్ తీసుకుంటుంది అనుకుందాం. 12 × 1 = 12 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్. అందులోని శక్తి 12 × 100 = 1200 వాట్ అవర్లు. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చెడుతుంది. కాబట్టి వాడుకోదగినది 600. 600 ÷ 12 = 50 గంటలు. రూటరు ఒక్కటే నడిస్తే రెండు రోజులు వస్తుందన్నమాట.

ఇన్వర్టరు పెట్టి 230 వోల్టులు చేసి, మళ్ళీ అడాప్టరుతో 12కు దించితే దారిలో కరెంటు వృథా. నేరుగా బ్యాటరీతో నడిచే రూటరే మేలు. ఇంజను స్టార్టు చేసినప్పుడు వోల్టేజి ఒక్కసారి పడిపోతుంది. మామూలు రూటరు ఆరిపోయి మళ్ళీ లేస్తుంది. 9 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్నదైతే ఆగదు. పెద్ద లాంచీల్లో 24 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. 12కు మాత్రమే చేసిన రూటరును దానికి తగిలిస్తే కాలిపోతుంది. మధ్యలో ఫ్యూజు తప్పనిసరి.

6. నీళ్ళు, ఎండ

పెట్టె మీద ఐపీ అని రెండు అంకెలు రాసి ఉంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ 67 అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీళ్ళు పోవు. బయట ఉండే యాంటెన్నాకు ఇది కావాలి. రూటరును లోపల, గాలి ఆడే చోట పెట్టాలి. ఇంటి రూటర్లు చాలావరకు 40 డిగ్రీల దాకానే పనిచేస్తాయని రాస్తారు. మన వేసవిలో రేకు కప్పు కింద అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

7. పంచుకునే పద్ధతి

యాభై మంది ఎక్కి అందరూ వీడియోలు చూస్తే ఉన్న కొంచెం సిగ్నల్ అయిపోతుంది. సరంగు ఫోనుకు వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టాలి. ప్రయాణికులకు ఇంకొకటి పెట్టాలి. సరంగు మాట ముందు పోయేలా సర్దుబాటు ఉన్న రూటరునే ఎంచుకోవాలి. హాస్టల్లో కూడా జ్వరం వచ్చినవాడికి గంజి పోసిన తర్వాతే మిగతా వరుస కదులుతుంది గదా!

8. టవరు అందని చోట

దారి అంతా -120 వస్తే ఏ రూటరు కొన్నా దండగే. అప్పుడు వేరే దారులు చూడాలి. వాకీటాకీకి టవరు అక్కరలేదు, గాని కొండ దానికీ అడ్డమే. ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ ఇంకో దారి. ఓడల్లో, విమానాల్లో ఇంటర్నెట్‌కు మన ప్రభుత్వం 2018లో నియమాలు చేసింది. ఉపగ్రహ ఫోను మాత్రం అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోకూడదు. సముద్రంలో చేపలు పట్టే పడవలకు ఇస్రో ఉపగ్రహాలతో పనిచేసే లక్ష ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. వాటితో టవరు లేని నడి సముద్రం నుంచి ఆపద కబురు పంపవచ్చు.

2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల టూరిస్టు బోటు మునిగింది. అది కూడా మనలాంటి కొండ లోయే. ముందుగా పడవలేసుకుని పోయి పలువురిని ఒడ్డుకు చేర్చింది దగ్గరి ఊళ్ళ వాళ్ళే. వాళ్ళకు కళ్ళకు కనిపించింది కాబట్టి పోయారు. కనిపించని మలుపులో జరిగితే కబురు ఎవరు చేర్చాలి?

కబురు పోయినా వినేవాడు ఉండాలి. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు దాని వైర్‌లెస్ కేకను కార్పాతియా ఓడ విని వచ్చింది. అంతకన్నా దగ్గర్లో ఉన్న కాలిఫోర్నియన్ ఓడలో వైర్‌లెస్ మనిషి ఒక్కడే, అతడు నిద్రపోయాడు. కాబట్టి పడవలో రూటరు పెట్టిన రోజే రేవు ఆఫీసులో ఫోను దగ్గర ఒక మనిషిని పెట్టాలి. ఫలానా మలుపు నుంచి ఫలానా మలుపు దాకా సిగ్నల్ లేదని సరంగు ముందే చెప్పాలి. అనుకున్న వేళకు పడవ ఆ మలుపు దాటి పలకకపోతే వెతకడానికి బయలుదేరాలి. లైఫ్ జాకెట్‌కు ఏ రూటరూ బదులు కాదు.

గుర్తుంచుకోవలసిన వరుస: పని, సిగ్నల్, కరెంటు, యాంటెన్నా, ఆ తర్వాతే రూటరు.

అభ్యాసం

1. 40 ఆంపియర్ అవర్, 12 వోల్టుల బ్యాటరీలో సగం వాడితే 12 వాట్ల రూటరు ఎన్ని గంటలు నడుస్తుంది?
2. -95, -108, -87. వీటిలో మంచి సిగ్నల్ ఏది?
3. వైఫై గుర్తు నిండుగా ఉన్నా కబురు ఎందుకు పోకపోవచ్చు? రెండు తాళ్ళ ఉదాహరణతో రాయండి.

జవాబులు, సందేహాలు రాయడానికి ఈ పేజీ కింద తెల్ల కాగితం అంటించాను. ఇంటికి పోయినప్పుడు పడవ నడిపే మీ వాళ్ళకు ఈ పాఠం చెప్పండి. వాళ్ళు చెప్పే మలుపుల పేర్లు, ఎక్కడ ఫోను పలకదో కూడా ఆ కాగితం మీద రాయండి. అందరివీ కలిపితే మన నదికి సిగ్నల్ పటం తయారవుతుంది.