ఏజెంట్ సరిచేసింది సరే, సరిచూసిందెవరు?

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: గేట్ కోచింగ్ కోసం ఢిల్లీ వచ్చాను. మేం చదువుకునే లైబ్రరీకి హాజరు యాప్ చేసిచ్చాను. లైబ్రరీ రాత్రంతా తెరిచే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక వచ్చినవాళ్ల హాజరు ముందురోజు తేదీలో పడుతోందని ఏఐ ఏజెంట్‌కు చెప్పాను. కోడ్ మార్చింది, టెస్టులన్నీ పాసయ్యాయి. ఇప్పుడేమో సాయంత్రం ఆరున్నర తర్వాత వచ్చినవాళ్లు మర్నాటి తేదీలోకి పోతున్నారు. తప్పెక్కడుంది?
– ఒక గేట్ అభ్యర్థి, కటవారియా సరాయ్

జవాబు: ఆ ఆరున్నరే అసలు సంగతి చెబుతోంది. మీ సర్వర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో నడుస్తున్నట్టుంది. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. మీకు రాత్రి 12.10 అయితే సర్వర్‌కు ఇంకా ముందురోజు సాయంత్రం 6.40. అందుకే తెల్లవారుజామున 5.30 లోపు వచ్చినవాళ్లంతా నిన్నటి లెక్కలో పడ్డారు. ఏజెంట్ ఆ అయిదున్నర గంటలను హాజరు సేవ్ చేసేచోట ఒకసారి, తేదీ లెక్కగట్టేచోట మరోసారి కలిపి ఉంటుంది. సాయంత్రం 6.30కి ఇంకో అయిదున్నర గంటలు కలిస్తే సరిగ్గా అర్ధరాత్రి!

మరి టెస్టులెలా పాసయ్యాయి? బహుశా అవన్నీ పగటి వేళలతో రాసినవి. ఉదయం 5.30 నుంచి సాయంత్రం 6.30 వరకు పాత కోడైనా, కొత్త కోడైనా తేదీని సరిగ్గానే చూపిస్తుంది.

ముందు ఆ మార్పును వెనక్కి తీయండి. రాత్రి 12.10, తెల్లవారుజామున 5.29, 5.31, సాయంత్రం 6.40, నెలాఖరు రాత్రి – ఈ వేళలకు టెస్టులు మీరే రాయండి. పాత కోడ్‌పై 12.10, 5.29 టెస్టులు ఫెయిలవడం కళ్లారా చూడండి. ఆ తర్వాతే ఏజెంట్‌కు అప్పగించండి: సమయాన్ని యూటీసీలోనే సేవ్ చేయాలి, భారత సమయంలోకి ఒకేచోట మార్చాలి, టెస్టుల జోలికి పోకూడదు. ఈ మధ్యలో సేవ్ అయిన హాజరు సమయాలను విడిగా సరిచేయడం మరచిపోవద్దు. అవి అయిదున్నర గంటలు ముందుకు జరిగి ఉంటాయి.

ప్రశ్న: చాట్‌బాట్‌కూ ఏజెంట్‌కూ తేడా ఏమిటి? దానికి మా సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వవచ్చా?
– చిన్న సంస్థ నిర్వాహకురాలు, హైదరాబాద్

జవాబు: చాట్‌బాట్ సలహా చెప్పి ఊరుకుంటుంది. ఏజెంట్ పని చేస్తుంది. ఫైళ్లు వెతికి చదువుతుంది, కోడ్ మారుస్తుంది, టెస్టులు నడుపుతుంది, ఫెయిలైతే ఎర్రర్ చదివి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ చొరవే దాని బలం, ప్రమాదం కూడా. 2025 జూలైలో మార్పులేవీ చేయవద్దని స్పష్టంగా చెప్పినా, రెప్లిట్ అనే కోడింగ్ సంస్థ ఏజెంట్ ఒక వ్యాపారవేత్త లైవ్ డేటాబేస్‌ను చెరిపేసింది. రెప్లిట్ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

కాబట్టి పాస్‌వర్డ్ ఇవ్వవద్దు. డేటా నకలుపైనే, విడి బ్రాంచ్‌లోనే పని చేయించండి. మార్పును మనిషి చదివి ఒప్పుకున్నాకే అసలు కోడ్‌లో కలపండి. చేయవద్దని నోటితో చెప్పడం చాలదు, చేయలేని విధంగా అనుమతులు కట్టడి చేయాలి.

ప్రశ్న: మా యాప్‌లో పేర్లు తెలుగులో ఉంటాయి. ఏజెంట్ సరిచేసిన కోడ్‌ను నమ్మవచ్చా?
– ఒక డెవలపర్, గుంటూరు

జవాబు: తెలుగుతో పరీక్షించాకే నమ్మండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది గుర్తుందా? జ్ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని యూనికోడ్ గుర్తు ఒకటి చేరిన రూపమది. అది మెసేజ్‌లో వస్తే యాప్ మూతబడేది. బెంగాలీలోనూ ఇలాంటి కూర్పులు అదే పని చేశాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

అలాంటి బగ్‌ను ఏజెంట్‌కు ఇస్తే ‘జ్ఞా’ ఒక్కదాన్నే అడ్డుకుని పని అయిపోయిందని చెప్పే వీలుంది. ఆ ఒక్క టెస్టూ పాసవుతుంది, రోగం అలాగే ఉంటుంది. అందుకే మీ టెస్టుల్లో క్ష్మ, స్త్రీ, ర్య లాంటి సంయుక్తాక్షరాలు, కనిపించని గుర్తులు, పొడవాటి ఇంటిపేర్లు తప్పక చేర్చండి. మన భాషలో ఏది విరగవచ్చో మనకే బాగా తెలుసు.

ప్రశ్న: ఇవన్నీ ఏజెంట్లే చేస్తుంటే డీబగ్గింగ్ నేర్చుకోవడం దండగ కాదా?
– బీటెక్ విద్యార్థి, కటవారియా సరాయ్

జవాబు: మీ బెంగ అర్థమైంది, కారణమూ లేకపోలేదు. 2023లో ప్రిన్‌స్టన్ పరిశోధకుల బృందం ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్ పేరుతో 12 పైథాన్ ప్రాజెక్టుల నుంచి 2,294 నిజమైన సమస్యలు సేకరించి పరీక్ష పెడితే, అత్యుత్తమ మోడల్ 2 శాతంలోపే పరిష్కరించింది. వాటిలో మనుషులు సరిచూసి ఎంచిన 500 సమస్యలపై 2025 నాటికి మేటి మోడళ్లు 70 శాతం దాటాయి.

అయితే ఆ పరీక్షలో సమస్య ముందే రాసి ఉంది, జవాబు సరైనదో కాదో తేల్చే టెస్టులూ సిద్ధంగా ఉన్నాయి. ఉద్యోగంలో ఆ రెండూ ఎవరూ చేతికివ్వరు. ‘తేదీ తప్పు వస్తోంది’ అన్న ఫిర్యాదు నుంచి ‘యూటీసీ తేడా’ దాకా వెళ్లడమే డీబగ్గింగ్. గేట్ సిలబస్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు మీకు నేర్పేది ఆ చూపునే. మనసుపెట్టి చదవండి. వారానికి ఒక్క బగ్‌నైనా ఏజెంట్ లేకుండా పట్టుకుని, తర్వాత దాని జవాబుతో పోల్చి చూసుకోండి.